మద్రాసు ఆకాశంలో 'ఆసియా' – నార్మన్ పాగ్సన్ జీవితం



కుజుడికీ గురుడికీ మధ్య ఏమున్నాయి అని అడిగితే, గ్రహశకలాలు అని మనమంతా టక్కున చెబుతాం. ఏడో తరగతి నుంచి పోటీ పరీక్షల దాకా అది ఒక మార్కు ప్రశ్న. ఆ ఒక్క మార్కు వెనుక ఎందరి రాత్రులు కరిగిపోయాయో మాత్రం ఏ గైడులోనూ రాయరు. ఎమ్మెస్సీ ఫిజిక్సులో చేరి ఖగోళశాస్త్రం పాఠాలు వినే వరకు మాకూ తెలియదు. ఆ రాళ్లలో ఒకదాని పేరు 'ఆసియా' అనీ, దాన్ని కనిపెట్టింది మన పక్కనున్న మద్రాసు నుంచేననీ తెలిసినప్పుడు మాకు ఆశ్చర్యం కలిగింది. కనిపెట్టిన వ్యక్తి నార్మన్ రాబర్ట్ పాగ్సన్. ఆయన జీవితం మన హాస్టల్ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

బాల్యం – చదువు

పాగ్సన్ 1829 మార్చి 23న ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ పట్టణంలో జన్మించారు. తండ్రిది మేజోళ్లు తయారు చేయించే వ్యాపారం. కొడుకు కూడా వ్యాపారంలోకి వస్తాడని ఇంట్లో అనుకుని ఉంటారు. కానీ ఆయన మనసు లెక్కల మీదికి పోయింది. 16 ఏళ్లకే బడి మానేశారు. విశ్వవిద్యాలయం గుమ్మం తొక్కకుండానే 18 ఏళ్ల వయసుకు రెండు తోకచుక్కల కక్ష్యలను లెక్కగట్టారు. ఆ పని ఎంత కష్టమో క్లాసికల్ మెకానిక్స్ పేపరు రాసిన వాళ్లకు తెలుస్తుంది. కాలిక్యులేటర్ లేని రోజులవి. లాగరిథమ్ పట్టికలు ముందు పెట్టుకుని పేజీలకు పేజీలు చేత్తో రాయాలి. ఎక్కడో ఒక అంకె తప్పితే మళ్లీ మొదటికి రావాలి.

జాన్ రస్సెల్ హిండ్ అనే ఖగోళవేత్త ఈ కుర్రవాడి పట్టుదల చూసి ప్రోత్సహించారు. ఆ పరిచయంతో 1851లో లండన్‌లోని ఒక ప్రైవేటు వేధశాలలో పాగ్సన్‌కు సహాయకుడి ఉద్యోగం దొరికింది. మరుసటి ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లోని రాడ్‌క్లిఫ్ వేధశాలకు మారారు. అక్కడా సహాయకుడే. పైఅధికారి చెప్పిన కొలతలు తీయడం, పుస్తకంలో ఎక్కించడం ఆయన పని. ఆ పని అయిపోయాక మిగిలిన రాత్రిని తన సొంత వెతుకులాటకు వాడుకున్నారు.

గ్రహశకలాన్ని ఎలా పట్టుకునేవారు?

1801 జనవరి 1న ఇటలీలో పియాజ్జీ సీరిస్‌ను చూసినప్పటి నుంచి ఈ వేట మొదలైంది. సీరిస్‌ను 2006 నుంచి మరుగుజ్జు గ్రహంగా లెక్కిస్తున్నారు. పాగ్సన్ కాలానికి ఆకాశాన్ని ఫొటో తీసి గ్రహశకలాలను పట్టుకునే పద్ధతి లేదు. కన్నే కెమెరా. ఆకాశంలో ఒక చిన్న ముక్కను ఎంచుకుని, అందులో కనిపించే ప్రతి చుక్కనూ పటంలో గుర్తుపెట్టుకోవాలి. మరో రాత్రి అదే ముక్కను మళ్లీ చూడాలి. నక్షత్రాలు తమలో తాము ఉన్నచోటనే ఉంటాయి. ఏదైనా ఒక చుక్క కాస్త జరిగి ఉంటే అది నక్షత్రం కాదు. సూర్యుడి చుట్టూ తిరిగే మన కుటుంబ సభ్యురాలే. వినడానికి తేలికే. కానీ వందల చుక్కల్లో ఏది జరిగిందో కనిపెట్టడానికి రోజులు, నెలలు పడుతుంది. మధ్యలో మబ్బు పడితే పని ఆగిపోతుంది.

ఈ పద్ధతిలోనే పాగ్సన్ 1856 మే 23న తన మొదటి గ్రహశకలాన్ని కనిపెట్టారు. అది వరుసలో 42వది. దానికి 'ఐసిస్' అని పేరు పెట్టారు. అది ఈజిప్టు దేవత పేరు. ఆయన పెద్ద కూతురి పేరులోనూ ఐసిస్ ఉంది. ఈ ఆవిష్కరణకు ఫ్రాన్స్ వారి లాలాండ్ పతకం లభించింది. 1857లో అరియాడ్నే, హెస్టియా అనే మరో రెంటిని కనిపెట్టారు.

నక్షత్రాల వెలుగుకు ఒక కొలబద్ద

ఫిజిక్సు విద్యార్థులు పాగ్సన్‌ను ఎక్కువగా తలుచుకునేది ఆయన ఇచ్చిన ఒక అంకె కోసం. ప్రాచీన కాలం నుంచి నక్షత్రాలను వెలుగును బట్టి ఆరు తరగతులుగా విడదీసేవారు. బాగా మెరిసేవి ఒకటో తరగతి, కంటికి ఆనీఆననట్టు ఉండేవి ఆరో తరగతి. కానీ తరగతికీ తరగతికీ మధ్య తేడా ఎంతో అందరూ ఒప్పుకున్న లెక్క లేదు. ఒకరు నాలుగు అన్నదాన్ని మరొకరు అయిదు అనేవారు.

పాగ్సన్ 1856లో దీనికి ఒక కట్టుబాటు ప్రతిపాదించారు. ఒకటో తరగతి నక్షత్రం ఆరో తరగతి నక్షత్రం కంటే సుమారు 100 రెట్లు వెలుగునిస్తుందని అప్పటికే కొలతలు సూచిస్తున్నాయి. ఒకటి నుంచి ఆరుకు అయిదు మెట్లు. అయిదుసార్లు గుణిస్తే 100 వచ్చే సంఖ్య 2.512. కాబట్టి ఒక్కో మెట్టుకు వెలుగు 2.512 రెట్లు మారుతుందని నిర్ణయించుకుందాం అన్నారు. ఈ లెక్క ఆయన చేసింది గ్రహశకలాల కోసమే. వచ్చే సంవత్సరం ఏ నెలలో ఏ గ్రహశకలం ఎంత వెలుగుతో కనిపిస్తుందో ముందే చెప్పే పట్టిక తయారు చేస్తూ ఈ నిష్పత్తిని వాడారు. ఈనాటికీ ప్రపంచమంతా నక్షత్రాల వెలుగును ఈ మెట్ల మీదే కొలుస్తుంది. దీన్ని పాగ్సన్ నిష్పత్తి అంటారు. అప్పటికి ఆయన వయసు 27. పదవి చూస్తే సహాయకుడే.

మద్రాసుకు ప్రయాణం

1859 నుంచి కొంతకాలం హార్ట్‌వెల్ అనే చోట ఒక ధనవంతుడి వేధశాలను నడిపారు. 1860లో మద్రాసు వేధశాల అధికారిగా నియామకం వచ్చింది. భార్యాపిల్లలతో ఓడ ఎక్కి 1861 ఫిబ్రవరిలో మద్రాసు చేరారు.

మద్రాసు వేధశాల అప్పటికే పాతది. 1786లో విలియం పెట్రీ అనే కంపెనీ ఉద్యోగి సొంతంగా మొదలుపెట్టగా, 1792 నాటికి నుంగంబాకంలో కంపెనీ ప్రభుత్వ వేధశాలగా స్థిరపడింది. అక్కడ పరికరాన్ని నిలబెట్టిన రాతి స్తంభం మీద చెక్కిన శాసనంలో తమిళంతో పాటు తెలుగు కూడా ఉంది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే కదా!

వచ్చిన రెండు నెలలకే, 1861 ఏప్రిల్ 17న, పాగ్సన్ ఒక కొత్త గ్రహశకలాన్ని పట్టుకున్నారు. అది 67వది. ఆసియా ఖండం నుంచి కనిపెట్టిన మొట్టమొదటి గ్రహశకలం అదే. గ్రీకు పురాణాల్లో ఆసియా అనే దేవత ఉంది. ఖండం పేరూ అదే. రెండూ కలిసొచ్చేలా దానికి 'ఆసియా' అని పేరు పెట్టారు.

ఈ 'ఆసియా' గురించి ఇప్పుడు మనకు చాలా తెలుసు. దాని వ్యాసం సుమారు 60 కిలోమీటర్లు. అంటే దాదాపు విజయవాడ నుంచి ఏలూరు వెళ్లినంత. సూర్యుడి నుంచి భూమి ఉన్న దూరానికి సగటున 2.4 రెట్ల దూరంలో ఉంటూ ఒక చుట్టు తిరగడానికి 3 సంవత్సరాల 9 నెలలు తీసుకుంటుంది. తన చుట్టూ తాను సుమారు 16 గంటల్లో తిరుగుతుంది. ఈ సంగతి దాని వెలుగు కాస్త పెరిగి తరిగే తీరును బట్టి తెలుస్తుంది. గుండ్రంగా లేని రాయి తిరుగుతుంటే ఒకసారి వెడల్పు వైపు, ఒకసారి సన్నని వైపు మనకు కనిపిస్తుంది కదా. తన మీద పడిన వెలుగులో నాలుగో వంతు దాకా తిప్పి పంపుతుంది. ఇది రాతి జాతి గ్రహశకలం. సిలికేట్ ఖనిజాలు, కొంత లోహం కలిసినది. కంటికి మాత్రం కనిపించదు, టెలిస్కోపు ఉండాల్సిందే.

ఆ తర్వాత మద్రాసు నుంచే 1864లో శాఫో, 1866లో సిల్వియా, 1868లో కమిల్లా కనిపెట్టారు. మళ్లీ 16 సంవత్సరాలకు, 1885లో 'వీరా' దొరికింది. మొత్తం ఎనిమిది గ్రహశకలాలు.

వీటిలో సిల్వియా కథ ప్రత్యేకం. అది సుమారు 270 కిలోమీటర్ల రాయి. హైదరాబాదు నుంచి విజయవాడకు బస్సు రోడ్డు పొడవంత. బొగ్గులా నల్లగా ఉంటుంది. అంత పెద్దదైనా 5 గంటల 11 నిమిషాల్లోనే ఒక భ్రమణం చేసేస్తుంది. పాగ్సన్ చూసిన చుక్క పక్కనే చిన్న చంద్రుడు ఉన్నాడని 2001లో, రెండో చంద్రుడు కూడా ఉన్నాడని 2004లో తెలిసింది. రెండు చంద్రులున్న గ్రహశకలం బయటపడటం అదే మొదటిసారి. సిల్వియా అనేది రోము నగరాన్ని స్థాపించిన కవలల తల్లి పేరు కనుక చంద్రులకు రోములస్, రెమస్ అని ఆ కవలల పేర్లే పెట్టారు. చంద్రుడు ఎంత దూరంలో, ఎన్ని రోజుల్లో తిరుగుతున్నాడో తెలిస్తే కెప్లర్ సూత్రంతో మధ్యలోని రాయి బరువు తేల్చవచ్చు. అలా లెక్కిస్తే సిల్వియా సాంద్రత నీటి కంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ, సుమారు 1.4 రెట్లు. మామూలు బండరాయి సాంద్రతలో సగం. అంటే లోపల ఖాళీలు గానీ, మంచు గానీ చాలా ఉండాలి. 1866లో ఒక చుక్కగా నమోదైన దాని లోపల ఏముందో ఊహించడానికి 135 సంవత్సరాలకు పైగా పట్టిందన్నమాట.

మచిలీపట్నంలో సూర్యగ్రహణం

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన తెలుగు నేల మీదుగా సాగింది. ప్రపంచ దృష్టి అంతా ఇటే. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చారు. పాగ్సన్ మద్రాసు నుంచి బృందంతో మచిలీపట్నం వచ్చారు. ఆయన మొదటి సహాయకుడు చింతామణి రఘునాథాచారి మరో బృందాన్ని తీసుకుని అప్పటి వనపర్తి సంస్థానానికి వెళ్లారు. నేటి తెలంగాణలోని వనపర్తే అది.

ఆనాడు వర్ణపటదర్శినితో చూసినప్పుడు సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిలో మెరిసే గీతలు కనిపించాయి. దాంతో ఆ జ్వాలలు వేడెక్కిన వాయువులని తేలింది. సోడియం గీత దగ్గర ఒక పసుపు గీతను చూసిన వారిలో పాగ్సన్ కూడా ఉన్నారు. అది సోడియంది కాదనీ, కొత్త మూలకానిదనీ తర్వాత తేలింది. అదే హీలియం. భూమి మీద అది 1895లో గానీ దొరకలేదు. అప్పటికి పాగ్సన్ లేరు. మన కెమిస్ట్రీ పుస్తకంలో రెండో మూలకం కథలో గుంటూరుకూ మచిలీపట్నానికీ చోటుందని మనం గర్వంగా చెప్పుకోవచ్చు.

చేజారిన తోకచుక్క

1872 నవంబరు 27న యూరప్‌లో ఉల్కలు వానలా కురిశాయి. అవి బీలా అనే తోకచుక్క తాలూకు శకలాలని జర్మనీలోని క్లింకర్‌ఫ్యూస్ భావించారు. ఆ తోకచుక్క భూమిని దాటి దక్షిణాకాశంలోకి వెళ్లి ఉంటుందని, సెంటారస్ నక్షత్ర మండలంలో వెతకమని మద్రాసుకు తంతి పంపారు. పాగ్సన్ మబ్బులు విడిచాక వెతికారు. డిసెంబరు మొదటి వారంలో వరుసగా రెండు రాత్రులు అక్కడ నిజంగానే ఒక తోకచుక్క కనిపించింది. తర్వాత మళ్లీ మబ్బులు కమ్మాయి. మబ్బు తొలిగేసరికి అది లేదు.

కక్ష్య లెక్కగట్టాలంటే కనీసం మూడు పరిశీలనలు కావాలి. ఆయన దగ్గర ఉన్నవి రెండే. అది బీలా తోకచుక్క కాకపోవచ్చని తర్వాతి లెక్కలు చెప్పాయి. అది మరేదో నేటికీ తేలలేదు. ప్రయత్నంలో లోపం లేకున్నా ఫలితం మన చేతిలో ఉండదనడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి? అయినా ఆ రెండు రాత్రుల కొలతలను ఆయన ఉన్నవి ఉన్నట్టు రాసి పంపారు. మూడోది ఊహించి కలపలేదు. ప్రాక్టికల్ రికార్డులో రీడింగులు వేసేటప్పుడు మనం గుర్తుంచుకోవలసిన విషయం ఇది.

పక్కన నిలబడినవారు

పాగ్సన్ గొప్పతనం చెబుతూ ఆయన పక్కనున్న వారిని మరిచిపోతే అన్యాయం అవుతుందని మేము అనుకుంటున్నాం. వేధశాల అధికారిగా వచ్చిన తెల్లదొర పాగ్సన్. ఆయన కంటే ముందే అక్కడ చేరి, సుమారు 40 ఏళ్లు పనిచేసిన భారతీయుడు రఘునాథాచారి. 1867లో ఆయన ఒక నక్షత్రం వెలుగు మారుతోందని కనిపెట్టారు. దాన్ని ఆర్ రెటిక్యులి అంటారు. 1872లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను ఫెలోగా ఎన్నుకుంది. ఆ గౌరవం పొందిన తొలి భారతీయుడు ఆయనే. పంచాంగాల లెక్కలను కొత్త పరిశీలనలతో సరిచేయాలని కూడా పాటుపడ్డారు. 1880లో కన్నుమూశారు. మద్రాసు వేధశాల పేరు చెబితే ఈయన పేరు ఎన్ని పుస్తకాల్లో వస్తుంది? మీరే చూడండి.

రెండోవారు పాగ్సన్ కూతురు ఎలిజబెత్ ఐసిస్. తల్లి 1869లో చనిపోతే తమ్ముళ్లను, చెల్లెళ్లను చూసుకుంటూ 1873 నుంచి వేధశాలలో తండ్రికి సహాయకురాలిగా, లెక్కలు కట్టే ఉద్యోగిగా తక్కువ జీతానికి పనిచేశారు. 1881 నుంచి మద్రాసు ప్రభుత్వపు వాతావరణ శాఖ బాధ్యత చూశారు. 1886లో ఆమెను రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలోగా ప్రతిపాదించారు. సొసైటీ నిబంధనల్లో సభ్యుడు అంటే 'అతడు' అని మాత్రమే రాసి ఉందని, స్త్రీలకు చోటు లేదని న్యాయవాదులు తేల్చడంతో ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది. ఒక్క సర్వనామం ఆమెను 34 ఏళ్లు గుమ్మం బయట నిలబెట్టింది. చివరికి 1920లో, 68వ ఏట ఆమె ఫెలో అయ్యారు. నియమం అలా ఉంది అనే మాట మనలో చాలామంది తాతముత్తాతలు కూడా విన్నదే. రాసిన నియమాన్ని మార్చవచ్చని, మార్చాలని ఆమె కథ చెబుతుంది.

చివరి రోజులు

పాగ్సన్ మద్రాసు వచ్చాక 30 ఏళ్లలో మళ్లీ ఇంగ్లండు ముఖం చూడలేదు. సిబ్బంది తక్కువ, పని ఎక్కువ. లండన్ పెద్దలతో ఆయనకు అంతగా పొసగలేదు. నక్షత్రాల స్థానాలు కొలవడంతో పాటు వాతావరణ లెక్కలు, సరైన సమయం చెప్పే పని కూడా వేధశాలదే. ఆ రోజుల్లో రైళ్లు నడిచింది మద్రాసు సమయం ప్రకారమే. 1878లో ప్రభుత్వం ఆయనకు సీఐఈ బిరుదు ఇచ్చింది.

ఆయన, ఆయన సహాయకులు కలిసి 1862 నుంచి 1887 వరకు సుమారు 5,000 నక్షత్రాలను 50 వేలకు పైగా సార్లు కొలిచారు. కానీ ఆయన బతికుండగా అందులో చాలా భాగం అచ్చు కాలేదు. ఆయన తర్వాత వచ్చిన మిచీ స్మిత్ ఆ కాగితాలను సరిచూసి ప్రచురించారు. మేము ఆయన జీవితంలో లోపంగా చూసేది దీన్నే. ఎంత పనిచేసినా నలుగురికీ అందేలా రాసి అచ్చువేయకపోతే అది అలమారలోనే ఉండిపోతుంది.

1891 జూన్ 23న పాగ్సన్ మద్రాసులోనే క్యాన్సర్‌తో మరణించారు. అదే సంవత్సరం డిసెంబరులో జర్మనీలో మాక్స్ వుల్ఫ్ తొలిసారి ఫొటో సాయంతో గ్రహశకలాన్ని కనిపెట్టారు. కన్నుతో వెతికే కాలం ముగింపుకు వచ్చింది. 1899లో వేధశాల పని కొడైకెనాల్‌కు మారింది. పాగ్సన్ పేరు ఇప్పుడు 1830 నంబరు గ్రహశకలానికి, చంద్రుడి అవతలి వైపున ఉన్న ఒక బిలానికి ఉంది.

మనకు ఏం చెబుతుంది ఈ జీవితం?

మేము మా ఇళ్లలో డిగ్రీ పట్టా చూసిన మొదటి వాళ్లం. మీలో చాలామంది రేపు అలాగే అవుతారు. 16 ఏళ్లకు బడి మానేసినా ఫర్వాలేదని మేము ఈ కథ నుంచి నేర్చుకోమనడం లేదు. పాగ్సన్‌కు ఇంట్లో వ్యాపారం ఉంది, చేయి పట్టుకుని నడిపించిన హిండ్ ఉన్నారు. మనకు పట్టానే ఆస్తి, చదువే హిండ్. కనుక బడి మానకండి, మీ తర్వాతి వాళ్లను మాననివ్వకండి.

నేర్చుకోవలసింది మరొకటి ఉంది. ఆయన చేసినదంతా నిన్నటి పటాన్నీ ఈ రాత్రి ఆకాశాన్నీ పక్కపక్కన పెట్టి ఓపికగా చూడటమే. ఏ చుక్క జరిగిందో గమనించడం, చూసింది చూసినట్టు రాయడం. దానికి నోటుబుక్కు, పెన్సిలు, ఓపిక కావాలి. ఆ మూడూ మన హాస్టల్లో ఉన్నాయి. ఈసారి కరెంటు పోయిన రాత్రి డాబా మీదికి వెళ్లినప్పుడు నక్షత్రాలలో ఒకటో తరగతివి ఏవో, మూడో తరగతివి ఏవో గుర్తుపట్టి రాసుకోండి. ఒకటోది మూడోదానికి ఎన్ని రెట్లు వెలుగో లెక్క వేయండి. 2.512ను 2.512తో గుణించండి, 6.3 వస్తుంది. ఆ లెక్క వేసిన క్షణంలో మీరు పాగ్సన్‌తో కలిసి కూర్చున్నట్టే.

మీరు రాసిన దాని కింద మీ పేరు రాయండి. మీకు దీపం పట్టినవాళ్ల పేరు కూడా రాయండి.